తలమీది కారు

మొదటి మలుపు తిరిగాక గుర్తొచ్చింది అతనికి, నాలుగో బెల్టును ఎడమచేత్తో ముట్టుకున్నానని.

కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయి, దానంతటదే వెనక్కి వచ్చింది. పదకొండు కిలోమీటర్ల దిగుడు. ఒక పక్క కొండ, ఇంకో పక్క నడుమెత్తు గోడ, గోడ అవతల గాలి. పెద్ద బండి ఆగడానికి చోటు కొండ నెత్తిన ఒకటుంది, అడుగున ఒకటుంది, నెత్తిమీదిది ఇప్పుడే వెనకబడిపోయింది. బండి మీద ఎనిమిది కార్లు. ఏడు వెనక ట్రెయిలర్ మీద రెండంతస్తుల్లో ఉన్నాయి. ఎనిమిదోది క్యాబిన్ కప్పుకు పైన, సరిగ్గా అతని నెత్తిన, రెండు ఇనుప పట్టాల మీద ముక్కు రోడ్డు వైపు చాపుకుని కూర్చుంది. తెల్లది, కొత్తది, సీట్లకింకా కవర్లు తీయలేదు. చక్రానికొకటి చొప్పున నాలుగు బెల్టులు దాన్ని పట్టాలకు కట్టి ఉంచుతాయి. దిగుడులో బరువంతా ముందుకు తూలుతుంది కాబట్టి, ఆ కారు ముందుకు జారకుండా ఆపేవి వెనక చక్రాల బెల్టులు రెండే. వాటిలో ఒకటి గట్టిగా ఉందని అతనికి తెలుసు. రెండోదే ఆ నాలుగోది. దాన్ని చూశాడు, ముట్టుకున్నాడు, అయినా తెలియదు. ఎందుకంటే ఎనిమిది నెలలుగా అతని ఎడమచేతి వేళ్ళకు ఏమీ తెలియడం లేదు.

భయం వేయాలి. ఇలాంటప్పుడు ఎవరికైనా వేస్తుంది. అతనికి మాత్రం పక్కింట్లో ఎవరో కుర్చీ జరిపినట్టు, ఎక్కడో దూరంగా ఏదో కదిలింది, అంతే. రెండో గేరు. ఇంజను బండిని వెనక్కి లాగి పట్టుకుని మూలుగుతోంది. అద్దంలో వెనక రేడియో బండి కనిపిస్తోంది, వాడి బండి మీదా ఎనిమిది కార్లే. వాడిని రేడియో అని ఎందుకంటారో ఫోనెత్తిన ఎవరికైనా రెండు నిమిషాల్లో తెలుస్తుంది. పదిహేనేళ్ళుగా ముందొకరు వెనకొకరు నడుపుతున్నారు. పొద్దున్నుంచీ ఫోను స్పీకర్లో వాడి గొంతు ఆగలేదు. కొండ నెత్తిన బండ్లు ఆపి బెల్టులు చూసుకుంటున్నప్పుడు కూడా ఆగలేదు. దిగుడుకు ముందు ప్రతి డ్రైవరూ దిగి, బండి చుట్టూ తిరిగి, పైకెక్కి, ముప్ఫై రెండు బెల్టుల్నీ ఒక్కొక్కటిగా ముట్టుకుంటాడు. కళ్ళతో చూస్తే చాలదు. బాగా బిగిసిన బెల్టు వేలితో మీటితే తీగలా గుయ్యిమంటుంది, బిగించే పిడి చక్రంలో ఒక్క పన్ను వదులైతే ఆ గుయ్యి చచ్చిపోతుంది. తనకు పని నేర్పిన ముసలి డ్రైవరు మొదటి రోజే అన్నాడు, "చూశానని నాకు చెప్పకు. చూడ్డానికి సినిమాహాలుంది. ముట్టుకో." ముట్టుకోవడం ఎంతో సులువుగా నేర్చుకున్నాడు అప్పట్లో. కళ్ళు మూసుకుని పట్టుకున్నా ఏ బెల్టు పాతదో, ఏది వానకు తడిసి సాగిందో చెప్పేవాడు. కార్లు ఎక్కించే యార్డులో పందేలు కాసేవారు అతని వేళ్ళ మీద.

ఇప్పుడా వేళ్ళు లేవు. అంటే ఉన్నాయి, స్టీరింగు మీదే ఉన్నాయి, అయిదూ కనిపిస్తున్నాయి. ఎవరివో అరువు తెచ్చి తగిలించినట్టున్నాయి. కుడిచెయ్యి పనిచేస్తోంది కాబట్టి ఇన్నాళ్ళూ దాంతో నెట్టుకొచ్చాడు. కుడిచెయ్యి అందని చోట ఒక ఉపాయం కనిపెట్టాడు, వంగి బెల్టుకు చెంప ఆనిస్తాడు. చెంపకు బాగా తెలుస్తుంది, వేళ్ళకంటే కూడా బాగా. చుట్టూ ఎవరూ లేనప్పుడు మాత్రమే ఆ పని చేస్తాడు. ఇందాక క్యాబిన్ మీద, కుడిచేత్తో కమ్మీ పట్టుకుని నాలుగో బెల్టు దగ్గర వంగాడు. చెంప ఆనించబోయాడు. కిందనుంచి రేడియో, "బావా! ఆ తెల్లదాన్ని ముద్దు పెట్టుకుంటున్నావా ఏంటి? చెల్లికి చెప్తానుండు!" అని అరిచాడు. నవ్వాడు తను. నవ్వుతూ నిటారుగా లేచాడు. ఎడమచేత్తో బెల్టు మీద ఒకటి తట్టి, "అది నీకంటే మెత్తగా ఉందిరా" అని దిగిపోయాడు. ఇరవై రెండేళ్ళుగా చేసిన పనే కాబట్టి, తట్టిన చెయ్యి తట్టినట్టే అనిపించింది. సీట్లో కూర్చున్నాడు, బండి కదిలింది, మలుపు తిరిగింది. అప్పుడు గుర్తొచ్చింది.

"బావా, ఏంటి మరీ నత్తలా దిగుతున్నావ్?" స్పీకర్లో రేడియో. "నా వెనకాల పాలబండివాడు తిడుతున్నాడు. పాలు పెరుగైపోతాయంట."

"బ్రేకులు వేడెక్కుతాయి."

"నీ బ్రేకులకేమయ్యింది, మొన్ననేగా మార్చారు?"

"ఊరికే."

ఊరికే అనడానికి ఎంత తేలిక. ఈ ఎనిమిది నెలలూ ఊరికే అన్న మాట మీదే బతికాడు. చేతి మీద ఆ బొబ్బ ఏంటి అని భార్య అడిగితే, సైలెన్సర్ తగిలింది ఊరికే. అది కాఫీ గ్లాసు. పొగలు కక్కుతున్న స్టీలు గ్లాసును గుప్పిట్లో పెట్టుకుని పేపరు చదువుకుంటూ కూర్చున్నాడు. చర్మం ఉడుకుతున్న వాసన వచ్చాక చూసుకున్నాడు. భార్య నమ్మింది. ఆవిడకు ఈ పని తెలుసు, కొత్త కార్ల మధ్య నలిగే ఒంటికి గీతలూ కముకులూ మామూలేనని తెలుసు. కారుకు గీత పడకూడదని ఉంగరం పెట్టుకోరు, గడియారం పెట్టుకోరు, ప్యాంటుకు నాడా కట్టుకుంటారు. పెళ్ళయిన కొత్తలో ఆవిడ, "నీ ఒంటికి గీత పడితే అడిగేవాడు లేడు, కారుకు పడితే మాత్రం ముగ్గురొచ్చి ఫోటోలు తీస్తారు" అని నవ్వింది. ఇప్పుడు నవ్వదు, గుచ్చి గుచ్చి అడగదు. మందు రాసి కట్టు కట్టింది. కట్టు బిగుతుగా ఉందా అని అడిగింది. సరిగ్గా ఉందన్నాడు. అతనికి తెలియదు.

నాలుగో మలుపు. ముందున్న బండి అప్పుడు కనిపించింది. చిన్న సామాన్ల వ్యాను, వెనక తలుపు లేనిది. ఎవరో ఇల్లు మారుతున్నట్టున్నారు. మూటకట్టిన పరుపులు, తిరగేసిన బల్ల, గ్యాసు పొయ్యి, వీటన్నిటికీ వెనకవైపుగా ఒక సోఫా. సోఫాలో ఒకావిడ అతనికి ఎదురుగా కూర్చుని ఉంది. యాభై ఏళ్ళుంటాయి. తన ఇంటి ముందుగదిలో కూర్చున్నట్టు కాళ్ళు మడుచుకుని, ఒళ్ళో కుక్కరు పెట్టుకుని, పక్కన నిలబెట్టిన బీరువాను ఒక చేత్తో పట్టుకుని ఉంది. బీరువా తలుపుకు నిలువుటద్దం. ఆ అద్దంలో అతని బండి కనిపిస్తోంది. క్యాబినూ, క్యాబిన్‌లో తనూ, తన నెత్తిన తెల్ల కారు ముక్కూ.

ఇరవై రెండేళ్ళలో ఎప్పుడూ చూడలేదు దాన్ని. నడుపుతూ చూడలేరు. తలమీది కారును డ్రైవరు తప్ప రోడ్డు మీద అందరూ చూస్తారు. ఇప్పుడు ఆవిడ బీరువా చూపిస్తోంది. వ్యాను ఊగినప్పుడల్లా అద్దంలోకి ఆకాశం వస్తుంది, కొండ వస్తుంది, మళ్ళీ కారు వస్తుంది. కారు ముక్కుకూ క్యాబిన్ అంచుకూ మధ్య ఎంత ఎడం ఉంది? పొద్దున యార్డులో జానెడు కంటే తక్కువ పెట్టాడు. ఇప్పుడెంత? ఆకాశం. కొండ. కారు. అంతే ఉన్నట్టుంది. కాస్త తగ్గినట్టూ ఉంది. అద్దాన్ని నమ్మకూడదు, అద్దం ఊగుతోంది. అది జారితే ఆవిడ మీదే పడుతుంది. సోఫా మీద, కుక్కరు మీద. ఈ సంగతి తెలియనిది ఆవిడకొక్కదానికే అనుకుని, తప్పుగా అనుకున్నానని గ్రహించాడు. ఇది ఎవరికీ తెలియదు, తనకు తప్ప. తనకూ సగమే తెలుసు.

ఆవిడ అతన్ని చూసి తల ఊపింది, దారిలో కలిసిన పొరుగింటివాణ్ణి పలకరించినట్టు. అతను తిరిగి ఊపాడు.

రేడియోకు చెప్పొచ్చు. ఫోను లైన్లోనే ఉంది, నోరు తెరిస్తే చాలు. వాడు వెనకాల పాలబండిని ఆపుతాడు, పక్కకు సైగలు చేస్తాడు, ఏదో ఒకటి చేస్తాడు. కానీ ఏమని చెప్పడం? బెల్టు చూసుకోలేదనా? కొత్తవాడు కూడా అలా అనడు. చూసుకున్నాను కానీ తెలియలేదనా? అలా అన్నాక ఇంకేముంటుంది. ఈ పనిలో ఒకరి బెల్టు ఇంకొకరు ముట్టుకోరు. ఎండకు సొమ్మసిల్లి పడినా సరే, లేచి తన బెల్టు తనే చూసుకోవాలి. ఒకసారి యార్డులో ఒకడు సాయం చేద్దామని పక్కవాడి బెల్టును మీటి చూశాడు. ఆ పక్కవాడు వీడితో ఏడాది మాట్లాడలేదు. నీ పని నీకు రాదని నలుగురిలో చెప్పడమే అది. పైగా రేడియో తమ్ముడొకడున్నాడు. మూడేళ్ళుగా యార్డులో కార్లు అటూ ఇటూ జరుపుతున్నాడు, లైసెన్సు చేతిలో పెట్టుకుని ఏ బండి ఖాళీ అవుతుందా అని ఎదురుచూస్తున్నాడు. వరసలో మొదటివాడు వాడే. మంచివాడు. పెళ్ళి కుదిరి, బండి వచ్చాకే ముహూర్తమని ఆగిపోయి ఉంది. రేడియో రోజూ చెప్తాడు ఆ సంగతి, ఎవరి మీదా నిష్ఠూరం లేకుండా, వాన పడలేదని చెప్పినట్టు. తన చేతుల సంగతి రేడియోకు చెప్పడమంటే, తాళాలు తీసి ఆ తమ్ముడి చేతిలో పెట్టడమే.

చెప్పకపోయినా ఎవరికీ తెలియదు. ఏటేటా జరిగే పరీక్షలో కళ్ళు చూస్తారు, రక్తపోటు చూస్తారు, చెవిలో లైటేసి చూస్తారు. నీ వేళ్ళకు తెలుస్తోందా అని ఎవరూ అడగరు. అడిగింది ఒక్క డాక్టరే, తమ ఊరు కాని ఊళ్ళో, కార్లు దించడానికి పోయిన పూట వెతుక్కుని వెళ్ళిన డాక్టరు. కళ్ళు మూసుకోమని సూదితో ఒక్కో వేలినీ పొడిచింది. "ఇప్పుడు?" "పొడవలేదుగా." "ఇప్పుడు?" "మొదలుపెట్టండి మేడమ్." కళ్ళు తెరిచేసరికి వేళ్ళ మీద అయిదు రక్తపు చుక్కలు. మెడ దగ్గర నరం నలిగిందని, ఏళ్ళ తరబడి ఈ కుదుపుల వల్లేనని, ఆపరేషన్ చేస్తే ఇంకా పోకుండా ఆగుతుందని, పోయింది మాత్రం తిరిగి రాకపోవచ్చని చెప్పింది. "బండి మానేయండి" అంది. "మానేసి?" అన్నాడు. ఆవిడ దగ్గర దానికి మందు లేదు. బయటికొచ్చి కార్లు దించాడు. ఒక్క గీత లేకుండా దించాడు ఆ రోజు.

ఏడో మలుపు. చెవుల్లో గాలి బిగిసి వదిలింది. వ్యాను బాగా నెమ్మదించింది. ఆవిడ కుక్కరు పక్కన పెట్టి బీరువాను రెండు చేతులతో పట్టుకుంది. అద్దంలో కారు.

చేతులదేముంది, చేతులతో ఆగి ఉంటే సరిపోయేది. వేళ్ళలో మొదలైంది ఎప్పుడు లోపలికి పాకిందో తెలియదు. పెద్దకూతురు జిల్లా మొత్తంలో మొదటొచ్చిందని ఫోను చేస్తే, మంచిదమ్మా అన్నాడు. సొంత గొంతే బస్టాండు మైకులా వినిపించింది. తండ్రి పోయినప్పుడు అందరూ వచ్చి భుజం పట్టుకుని ఏడుస్తుంటే, వాళ్ళ బరువు మాత్రమే తెలిసింది. అన్నిటికంటే ఆ సాయంత్రం. చిన్నది, ఏడేళ్ళది, బడి దగ్గర బజారు. పిల్ల చెయ్యి పట్టుకుని రోడ్డు దాటుతున్నాడు, ఎడమచేత్తో. దాని స్నేహితురాలి గురించి ఏదో చెప్తోంది, ఊఁ కొడుతున్నాడు. దాటేశాడు. ఇంకో ఇరవై అడుగులు నడిచాడు. కథ ఆగిపోయిందేమని తల దించి చూస్తే చేతిలో పిల్ల లేదు. గుప్పిట అలాగే మూసి ఉంది. పిల్ల రోడ్డుకు అవతలే, బొమ్మల కొట్టు ముందు నిలబడిపోయి ఉంది, మధ్యలో బస్సులు పోతున్నాయి. ఎప్పుడు వదిలిందో తెలియదు. అది వదిలిందో తనే వదిలాడో తెలియదు. పరిగెత్తి పట్టుకున్నాక పిల్ల అంది, "నేను లాగాను నాన్నా, నువ్వు గట్టిగా పట్టుకోలేదు." ఇంట్లో చెప్పొద్దని ఆ పిల్లకు చాక్లెట్ కొన్నాడు. ఏడేళ్ళ పిల్లకు ఊరికే అనడం నేర్పాడు. అప్పటినుంచి దాన్ని కుడివైపు నడిపిస్తున్నాడు. పోయిన వారం నుంచి కుడి బొటనవేలు కూడా...

వ్యాను వెనక లైట్లు ఎర్రగా వెలిగాయి.

రోడ్డు మీద రాయి, కొండ మీంచి దొర్లినది, బిందెంత. వ్యానువాడు ఉన్నచోట ఉన్నట్టే ఆపేశాడు. మధ్య పది బారల దూరం. గట్టిగా తొక్కితే బండి ఆగుతుంది, తలమీది కారు ఆగకపోవచ్చు. తొక్కకపోతే బండే ఆగదు. కాలు ఈ లెక్క వేసినట్టుంది, అతను వేయలేదు. తొక్కీ తొక్కనట్టు తొక్కి, వదిలి, గేరు ఇంకా కిందికి లాగి, మళ్ళీ తొక్కింది. ఇంజను అరిచింది. నెత్తిన ఇనుము కిర్రుమంది, ఆ తర్వాత ఠంగుమని ఒక్క దెబ్బ. ఆవిడ సోఫాలోంచి సగం లేచింది. నోరు తెరిచి ఉంది, కళ్ళు అతని వైపు లేవు, అతని పైన ఉన్నాయి. అద్దంలో తెల్ల ముక్కు క్యాబిన్ అంచు దాటి, బరువుగా, గుమ్మంలోంచి తొంగిచూసినట్టు ముందుకొచ్చింది.

ఆగింది. బండీ ఆగింది, కారూ ఆగింది. ఆవిడకూ అతని బండి ముందరి అద్దానికీ మధ్య మంచం పట్టేంత చోటు.

"బావా! ఏంటది? బావా!"

"రాయి."

వ్యానువాడు దిగి రాయిని గోడవైపు దొర్లించాడు, అతనికి చెయ్యెత్తి చూపించి ఎక్కాడు. ఆవిడ ఇంకా పైకే చూస్తోంది. అతను స్టీరింగు మీద తన చేతుల్ని చూశాడు. కణుపులు తెల్లబారిపోయి ఉన్నాయి, పట్టు వదలడం లేదు. చేతులకు భయం వేసింది. అతనికి చెప్పలేదు.

మిగిలిన నాలుగు కిలోమీటర్లు మనిషి నడక మీద దిగాడు. వ్యానుకు హారన్ కొట్టి కొట్టి ముందుకు పొమ్మన్నాడు. అది మలుపు తిరిగి మాయమైంది, అద్దంతో పాటు. రేడియో ఏం మాట్లాడాడో వినలేదు. అడుగున చదును వచ్చింది, టైర్ల షాపు పక్కన ఖాళీ స్థలం వచ్చింది. ఆపాడు. ఇంజను ఆపాక చెవుల్లో నిశ్శబ్దం కూడా మొద్దుగానే ఉంది.

పైకెక్కాడు. కారు జానెడు ముందుకు జరిగింది. మూడో బెల్టు అంచు తెగి నూలు పోగులు లేచాయి, బరువంతా అదొక్కటే మోసింది. నాలుగోది చూడ్డానికి బాగానే ఉంది. ఇప్పుడు కూడా బాగానే ఉంది. కుడిచేత్తో మీటాడు. గుయ్యిమందో, టైర్ల షాపులో గాలి మిషను చప్పుడో. మళ్ళీ మీటాడు. బొటనవేలు ఏమీ చెప్పలేదు. చెంప ఆనిస్తే తెలుస్తుంది. చుట్టూ చూశాడు. రేడియో బండి వచ్చి ఆగింది, వాడు దిగి ఒళ్ళు విరుచుకుంటూ వస్తున్నాడు. వంగి చెంప ఆనించి, పిడి వేసి రెండు పళ్ళు బిగించి, అంచు తెగిన బెల్టు తీసేసి కొత్తది వేసి దిగిపోవచ్చు. మూడు నిమిషాల పని. రేపు ఇంకో దిగుడు. ఆ తర్వాత ఇంకోటి. ప్రతి దిగుడులోనూ ముందర ఎవరో ఒకరుంటారు. అందరూ తనవైపు తిరిగి కూర్చోరు, అంతే.

"ఏంటి బావా, మళ్ళీ దాని దగ్గరే ఉన్నావ్? చెల్లికి ఈసారి నిజంగానే చెప్తా."

"ఒకసారి పైకి రారా."

"ఎందుకు?"

"ఈ బెల్టు ముట్టుకుని చెప్పు."

రేడియో నవ్వబోయి ఆగాడు. తర్వాత ఒక్కో మెట్టూ చూసుకుంటూ ఎక్కాడు. జరిగిన కారును చూశాడు, తెగిన అంచును చూశాడు. నాలుగో బెల్టును రెండు వేళ్ళతో పట్టుకుని, ఎక్కువసేపు అవసరం లేకపోయినా ఎక్కువసేపే పట్టుకున్నాడు.

"మూడు పళ్ళు వదులుంది" అన్నాడు.

"ఓహో."

"నీకు తెలీలేదా?"

"లేదు."

"ఎప్పట్నుంచి?"

"వేసవి ముందు నుంచి. ఎడమది. ఇప్పుడు కుడిదీ."

పదిహేనేళ్ళలో రేడియో అంతసేపు మాట్లాడకుండా ఉండడం అదే మొదలు. పిడి తీసుకుని కారును పట్టాల మీద వెనక్కి లాగి, నాలుగో బెల్టు బిగించాడు, మూడోది మార్చాడు. "కింద కూర్చో" అన్నాడు. తర్వాత ట్రెయిలర్ మీదికి పోయి, ఎవరూ చేయకూడని పని చేయడం మొదలుపెట్టాడు. ఒక్కో కారూ, ఒక్కో చక్రం. అతను ముందు చక్రం నీడలో నేల మీద కూర్చుని విన్నాడు. చాలా బెల్టుల దగ్గర వేలి మీటు మాత్రమే వినిపించింది. కొన్నింటి దగ్గర టక్ మని ఒక పన్ను. ఒక చోట టక్ టక్ టక్.

చివరికి వచ్చి పక్కన కూలబడ్డాడు. చేతులు తుడుచుకున్నాడు. ఎన్ని వదులున్నాయో చెప్పలేదు. టైర్ల షాపు వైపు చూస్తూ, నెమ్మదిగా అన్నాడు, "మా తమ్ముడికి చెప్పనులే బావా. ఎవరికీ చెప్పను. దిగుళ్ళ దగ్గర నేను చూసి పెడతా."

అతను తన రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని చూసుకున్నాడు. ఎండ వాటి మీద పడుతోంది. వేడిగానే ఉండి ఉంటుంది.

"చెప్పు" అన్నాడు. "రేపు పొద్దున్నే రమ్మను."